శాలువాను కాపాడిన కలరా ఉండలు

పురుటి స్నానమైన మూడోనాటి పొద్దున మా బాబు పాలు తాగలేదు. ఏడుపు కూడా సన్నబడింది. కళ్లు పచ్చబడ్డాయి. గుడ్డ మార్చబోయి నా భార్య నన్ను పిలిచింది. మూత్రం టీ డికాక్షన్ రంగులో ఉంది.

"పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలే. జర పొద్దటి ఎండ సూపియ్యి," అన్నది మా అమ్మ.

అప్పుడు మేము నాచారంలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉన్నాం. నేను ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ను. దొరలుగా ఏలిన గడీ, భూములు పోగా మాకు మిగిలింది తాతగారి జరీ శాలువా ఒక్కటే. ఇనుప పెట్టెలో కలరా ఉండలు వేసి దాచాం. మా ఇంట పుట్టిన మగబిడ్డను పురుటి స్నానంనాడు అందులోనే చుట్టాలి. చుట్టాం. తరువాత ఉయ్యాలలోనూ అదే పరిచాం.

పెట్టె తెరిచిననాడే మా అత్తగారు, "గీ వాసనకు నాకే తల తిరుగుతాంది వదినె. జర ఎండల ఆరేద్దాం," అన్నది.

"పది కొంపలోళ్ల లంగలు ఆరేసే తీగె మీదనా? మా మామగారు దర్బారుకు కప్పుకపోయిన శాలువ గది," అన్నది అమ్మ.

ఆరెయ్యలేదు.

ఉప్పల్‌లో పిల్లల దవాఖానాకు ఆటోలో తీసుకుపోయాం. రక్తంలో కామెర్లు తెచ్చే బిలిరుబిన్ బాగా పెరిగింది, హిమోగ్లోబిన్ పడిపోయింది. డాక్టరమ్మ బాబును ఎత్తుకొని "ఏం వాసనండీ ఇది?" అని అడిగింది. శాలువా సంగతి చెప్పాను. ఇంకో టెస్టు రాసింది.

"మీ బాబుకు జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ. కలరా ఉండల్లోని నాఫ్తలిన్ ఆవిరి ఒంట్లోకి పోతే ఆక్సిడేటివ్ స్ట్రెస్ వస్తుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టనుకోండి. వీడి రక్తకణాలు తట్టుకోలేక పగిలిపోతున్నాయి."

శాలువాను పురుగు తినకుండా కాపాడిన మందే నా కొడుకు రక్తాన్ని తిన్నది.

నీలం లైట్ల కింద ఫోటోథెరపీ పెట్టారు. సరిపోలేదు. ఎక్స్ఛేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్ చేశారు. వాడి రక్తం తీస్తూ వేరేవాళ్ల రక్తం ఎక్కించారు.

"ఎవల రక్తమో ఏందో," అని గొణిగింది అమ్మ.

"గది లేకుంటె పిల్లగాడే లేడు వదినె," అన్నది అత్తగారు.

బాబు బతికాడు. "బిలిరుబిన్ మెదడు దాకా పోయింది. చెవులు చూపించాలి," అన్నది డాక్టరమ్మ. తరువాత వినికిడి చూసే బెరా టెస్టు చేయించాం. రెండు చెవులూ దెబ్బతిన్నాయి.

ఇప్పుడు చెవి మిషన్లు పెట్టుకొని బడికి పోతున్నాడు. మలేరియా వచ్చిన ఇతరులను బాగుచేసే ఒక మాత్ర వీడికి విషమట. అందుకే ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా ముందు జీ6పీడీ మాట చెప్తాం.

చుట్టాలు వస్తే అమ్మ వాడి మిషన్లు తీసి దాస్తుంది. పిలిచినా వాడు తిరగకపోతే, "దొరబిడ్డ, ఒక్క పిలుపుకు పలుకడు," అంటుంది. వాళ్లు నవ్వుతారు.

"వాడికి వినబడదు," అంటాను నేను. అమ్మ ముఖం తిప్పుకుంటుంది.

కలరా ఉండల పెట్టెలోంచి తీసిన బట్టను పసిబిడ్డకు చుట్టకండి. అది ఎంతటివారు కప్పుకున్నదైనా సరే.