ప్రేమదాసుకు పడిన అష్టలు

2003లో ప్రేమదాసు నందిగామలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాడు. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, మెసెంజర్‌లో కబుర్లాడుతూనే ఇద్దరు ఆడుకునేలా అష్టాచెమ్మా ఆట తయారుచేశాడు. జగ్గయ్యపేటలో ఇంటి ముందుగదిలో నెట్ సెంటర్ నడిపే సీతారావమ్మ అతనికి మెసెంజర్‌లోనే పరిచయం. ఆమెకు ఆ ఆట తెగ నచ్చింది. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ ఆమె అక్కడినుంచి, ఇతను ఇక్కడినుంచి ఆడేవారు.

మధ్యలో సర్వర్ అంటూ ఏమీ లేదు. రెండు కంప్యూటర్లూ నేరుగా మాట్లాడుకునేవి. ఆట మొదలుపెట్టినవాళ్ల కంప్యూటరే ఇద్దరి గవ్వలూ వేసేది. మొదలుపెట్టేది ఎప్పుడూ ప్రేమదాసే.

మొదటి వారమంతా ఆమే గెలిచింది. "నువ్వు రాసిన ఆటలో నువ్వే ఓడిపోతావేంట్రా?" అని తోటి మాస్టారు స్తెఫను అందరిముందూ నవ్వాడు. ఆ సాయంత్రమే ప్రేమదాసు ప్రోగ్రాంలో రెండు లైన్లు చేర్చాడు. తను వెనకబడితే అష్ట పడుతుంది. ఆమె కాయ పండబోతుంటే కావలసిన పందెం పడదు.

రెండు నెలలు ఆమె ఒక్క ఆటా గెలవలేదు. అయినా "మీది మామూలు బుర్ర కాదండి మాస్టారూ" అని రాసేది. ఒకరోజు మాత్రం, "నాకు ఆడటమే రాదంటోంది మా ఆడపడుచు. నా చెయ్యే మంచిది కాదేమోనండి" అని రాసింది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

నిజం చెప్పే ధైర్యం చాలక ఆటనే తిరగరాశాడు. కేంద్రంలోని ఒక కంప్యూటర్‌ను సర్వర్ చేశాడు. ఇకనుంచి గవ్వలు అదే వేస్తుంది. ఆడేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. మొదటి ఆటే ఆమె గెలిచింది.

"నా రోజులు మారాయండి! గుళ్లో కొబ్బరికాయ కొట్టి వచ్చాను" అని రాసింది.

మర్నాడు ప్రేమదాసు బస్సెక్కి చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట వెళ్లాడు. ఆమె ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండానే అంతా చెప్పేశాడు.

ఆమె కాఫీ గ్లాసు పక్కకు జరిపింది. "నా బాధ ఓడిపోయినందుకు కాదండి. నేను మిమ్మల్ని మెచ్చుకుంటుంటే మీకేమనిపించేది?"

"సిగ్గేసేదండి."

"అయినా మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవారు."



ఆ తర్వాత ఆమె తన సెంటర్‌కు వచ్చేవాళ్లందరికీ ఆ ఆట నేర్పింది. అతనితో మాత్రం ఇక ఆడలేదు. ఏడాది గడిచాక ఆమె ఆడపడుచు నందిగామలో కనపడి, "మంచి ఆట రాశారని మా వదిన అందరికీ చెబుతుందండి" అంది. అతని మోసం ఆమె ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదని అతనికి అప్పుడు తెలిసింది. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు ప్రేమదాసు.