మా పెద్దనాయన చెవుడు

నా చిన్నప్పుడు మా పెద్దనాయనకు అప్పుడప్పుడు చెవుడు వచ్చేది. జమ్మలమడుగు మేష్టరుగారి కొడుకు దగ్గర నుంచి ఉత్తరం వచ్చిన రోజు మాత్రమే వచ్చేది. ఈ సంగతి కనిపెట్టడానికి నాకు చాలా రోజులే పట్టింది.

మాది వేముల దగ్గర పల్లె. పెద్దనాయనకు ఒక్కతే కూతురు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. మేష్టరుగారి కొడుకు పట్టాళంలో పనిచేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడు జమ్మలమడుగు చర్చిలో అక్కను చూసి, వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి అడిగించాడు. మాటలు నడుస్తుండగానే దేశానికి తూర్పు సరిహద్దులో యుద్ధం వచ్చింది. సెలవులు రద్దయ్యాయి, అతను వెళ్లిపోయాడు. "యుద్ధం అయిపోనీ, అప్పుడు చూస్తాం" అన్నాడు పెద్దనాయన.

పెళ్లి కుదరని ఆడపిల్లకు పరాయి మగవాడు ఉత్తరం రాసే రోజులు కావవి. అందుకని అతను పెద్దనాయనకు రాసేవాడు. పెద్దనాయనకు చదువు రాదు. అక్కకు వచ్చు కానీ, తనను అడిగినవాడి ఉత్తరం తనే ఎలా చదువుతుంది? నాలుగో తరగతి చదువుతున్న నన్ను పిలిచేవారు.

ఆ ఉత్తరాల్లో ప్రేమ అనే మాటే ఉండేది కాదు. చీనీ తోటలో బత్తాయి మొక్కలకు పాదులు తీశారా, బర్రె ఈనిందా అని అడిగేవాడు. తానున్న చోట ఎటు చూసినా నీళ్లేననీ, గుడారంలో కూడా పాదాలు తడుస్తాయనీ, అందులో సగం వాన మన నేల మీద పడినా చాలుననీ రాసేవాడు. చివర్లో మాత్రం, "మీ వాకిట్లో కనకాంబరాలు పోయినసారి బాగా పూశాయి. రోజూ నీళ్లు పోసేవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను" అని ఉండేది. నీళ్లు పోసేది అక్కే.

నేను చదవడం మొదలుపెట్టగానే పెద్దనాయన చెవి దగ్గర చేయి పెట్టుకుని, "ఇనపడల్యా, గట్టిగ చదువు పాపా" అనేవాడు. నేను గొంతు చించుకునేదాన్ని. లోపల అక్క బియ్యం చెరుగుతుంటే ఆ చేట చప్పుడు ఆగిపోయేది.

ఒకరోజు ఉత్తరం వచ్చేసరికి అక్క బావి దగ్గరికి వెళ్లింది. నేను అలవాటు ప్రకారం అరిచాను. పెద్దనాయన ఉలిక్కిపడి, "ఎందుకే అట్ల అరుస్తాండావు? నేనేమన్నా చెవిటోన్నా?" అన్నాడు. సగం చదివానో లేదో, అక్క బిందెతో పెరటి వాకిలి దాటి లోపలికి వచ్చింది. వెంటనే ఆయన చేయి చెవి దగ్గరికి పోయింది. "ఏందీ? ఒక్క ముక్కా ఇనపడల్యా. మొదట్నుంచి చదువు." నాకు నవ్వాగలేదు. ఆయన నా వైపు చూసి కన్ను గీటాడు. ఆ రోజు నుంచి ఆ చెవుడు మా ఇద్దరి రహస్యం.

తర్వాత రెండు నెలలు ఉత్తరం లేదు. అక్క అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేది. అంతలో పెద్దముడియం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బడిపంతులు. పెద్దమ్మ రోజూ, "ఉండాడో లేడో తెలీనోని కోసం ఎన్నాళ్లు?" అనేది. "ఇంకో నెల చూస్తాం" అనేవాడు పెద్దనాయన.

చివరికి ఉత్తరం వచ్చింది. చేతిరాత వేరే ఎవరిదో. నేను చదవసాగాను. మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కింద తీసేశారట. ఆసుపత్రిలో లేవలేక ఇంకొకరితో రాయిస్తున్నాడట. "ఇక నా కోసం ఆగవద్దు. మీ అమ్మాయికి మంచి సంబంధం చూడండి." కాలు మాట దగ్గరే, నాకు తెలియకుండానే నా గొంతు తగ్గిపోయింది. ఆ మాటలు పెద్దనాయనకూ పక్కనున్న పెద్దమ్మకూ మాత్రమే వినిపించాయి. లోపల చేట చప్పుడు ఆగలేదు.

పెద్దమ్మ ఉత్తరం మడవమని నాకు సైగ చేసింది. ఆ మాట అక్కదాకా పోకపోతే పెద్దముడియం సంబంధం కుదిరిపోయేది. ఒక్కగానొక్క కూతురు. ఆ ఆశ పెద్దనాయనకు కలగలేదని నేను అనను. ఆయన ఉత్తరం కోసం చేయి చాచి, మళ్లీ వెనక్కు తీసుకోవడం నేను చూశాను.

"మొదట్నుంచి చదువు పాపా" అన్నాడు. "గట్టిగ చదువు."

నాకు ఏడుపొచ్చింది. "అక్క ఇంటాది పెద్నాయనా."

"ఇనాల. అది దాని బతుకు. మనం దాచి పెట్టుకునేది కాదు."

ఏడుస్తూనే చదివాను. అక్క బయటికి వచ్చింది. నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మళ్లీ తనే చదువుకుంది. "నాయనా, దీనికి జవాబు నేను రాస్తా" అంది. ఆయన మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. నా నోటుబుక్కులోంచి కాగితం చించి రాసింది. ఏం రాశావని పెద్దమ్మ అడిగితే చదివి వినిపించింది. "కాలు పోయిందని రాసినారు. నా మనసు మారిందని మీకెవరు చెప్పినారు? రైలు దిగే రోజు తెలియజేయండి. మా నాయన బండి కట్టుకుని వస్తాడు."

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. "బండి కడతాలే" అన్నాడు పెద్దనాయన. అన్నమాట ప్రకారం కట్టాడు. ఎండాకాలంలో మా ఊరి చర్చిలో పెళ్లయింది. బావ చంకకర్రల మీద నిలబడే ప్రమాణం చేశాడు. తర్వాత పులివెందులలో గుమాస్తాగా పనిచేశాడు. అక్కా ఆయనా నిండుగా బతికారు.

ఎన్నో ఏళ్ల తర్వాత, మా ఆయనకు జబ్బు ముదిరిందని ప్రొద్దుటూరులో డాక్టరు నాకొక్కదానికే చెప్పినప్పుడు, ఆయనకు తెలియనివ్వొద్దని పిల్లలు నన్ను బతిమాలారు. నేను ఆయన మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆయన, "మనవరాలి పెళ్లి ముందుకు జరుపుదామా?" అన్నాడు. జరిపాం. ఆ తర్వాత మిగిలిన నాలుగు నెలలు మా ఇద్దరి మధ్య చెప్పుకోని మాటంటూ లేదు. నలభై ఐదేళ్ల కాపురంలో మేము అంత దగ్గరగా ఎన్నడూ లేము. ఆ నాలుగు నెలలు నాకు ఇచ్చింది మా పెద్దనాయనే అనుకుంటాను.