పీఏసీ మందు, దాలయ్య బనియను

సుహాసిని పొద్దున్నే పళ్లు తోముకుంటూ పేస్టు గొట్టం మీది అక్షరాలన్నీ చదువుతారు. ప్రతి పొడి అక్షరానికీ పూర్తి పేరు తేల్చుకునేదాకా పెరట్లోంచి కదలరు. “కాపీ సల్లారిపోతన్నాదే! ఆ గొట్టమేటి, నీ పరీచ్చకొచ్చిందా?” అని తల్లి వెంకటలక్ష్మి రోజూ దెప్పుతారు.

విజయనగరంలో ఉంటూ చుట్టుపక్కల ఫ్యాక్టరీల జాగ్రత్త పత్రాలను తెలుగు చెయ్యడం సుహాసిని పని. పోయిన వేసవిలో, గరివిడి దాటాక ఉన్న ఒక రంగుల ఫ్యాక్టరీవాళ్లు నీళ్లు శుద్ధిచేసే షెడ్డుకు హెచ్చరిక బోర్డు రాయమన్నారు. కాగితంలో మందు పేరు ‘పీఏసీ’ అని మాత్రమే ఉంది. ఆ పనిలో రెండు మందులను అలాగే పిలుస్తారు. ఒకటి పటికకు చుట్టమైన పాలీ అల్యూమినియం క్లోరైడ్. కళ్లలో పడితే మంట. రెండోది పౌడర్డ్ యాక్టివేటెడ్ కార్బన్, అంటే శుద్ధికి వాడే బొగ్గుపొడి. మూసిన చోట తడిసి ఉంటే గాలిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. ఒకదాని బోర్డు ఇంకోదానికి పెడితే మనిషి పోతాడు.

ఫోను చేస్తే మేనేజరు చంద్రమౌళి, “పీఏసీ అంటే పీఏసీయే మేడమ్. పౌడరు,” అన్నాడు.

“ఏ రంగు పౌడరండీ?”

“నేనటు వెళ్లనండీ. డస్ట్ ఎలర్జీ.”

సుహాసిని బస్సెక్కారు. బూట్లు లేనిదే లోపలికి పంపనన్నాడు గేటు దగ్గర కాపలాదారు. ఎదురాడడం ఆవిడకు చేతకాదు. షెడ్డులో పనిచేసేది ఎవరో, ఆ దాలయ్య ఇల్లెక్కడో మాత్రం మెల్లగా అడిగి, పక్క వీధికి నడిచారు. కాగితం చెప్పని సంగతి ఉతికే బండ చెబుతుందని ఆవిడ నమ్మకం.

దాలయ్య భార్య సుభద్రమ్మ నూతి దగ్గర బనియను బాదుతోంది.

“అది తెల్లదేనా అమ్మా?”

“కొన్నప్పుడు తెల్లదే తల్లీ! ఇప్పుడు సూడు, ఎన్నిసార్లు జాడించినా కాటిక నలుపే. పనికెల్తన్నాడో, పొయ్యిలో దూరతన్నాడో!”

బండ మీంచి పారే నల్లనీళ్లు చూసి సుహాసిని మొహం వెలిగింది. “బొగ్గే!”

“బొగ్గయితే ఏటి? మద్దేనం కునుకుకి ఆ మందు తొట్టి కాళీ అయితే అందులోనే తొంగుంటాడు. తడితడిగా సల్లగుంటాదంట. ఈపాటికి దిగిపోయుంటాడు.”

జన్మలో గొంతెత్తని సుహాసిని కేకలు పెడుతూ గేటు దాటి పరుగెత్తారు. వెనక కాపలాదారు, ఆ వెనక తడి బనియనుతో సుభద్రమ్మ. షెడ్డులో దాలయ్య దిండు చంకన పెట్టుకుని, ఒక కాలు అప్పటికే తొట్టిలో వేశాడు.

“దిగొద్దు! లోపల గాలి ఉండదు!”

“గాలి నేకపోతే ఏటమ్మా, దోమా నేదు,” అన్నాడు దాలయ్య తాపీగా.

సుభద్రమ్మ తడి బనియనుతో వీపు మీద ఛెళ్లుమనిపించింది. “ఇటు రావయ్యా, నీ తొంగోడం మండ!”

కాలు బయటికొచ్చింది. మర్నాటికల్లా బొగ్గుపొడి పేరుతో బోర్డు సిద్ధమైంది: ‘తొట్టిలోకి ఒంటరిగా దిగరాదు.’ కింద ‘తొంగోరాదు’ అని కూడా రాయించేదాకా సుభద్రమ్మ వదల్లేదు.

సుహాసిని ఇప్పుడు తల్లితో కలిసి విజయనగరం కోట దగ్గర అద్దె ఇంట్లో ఉంటూ, ఏడు ఫ్యాక్టరీలకు బోర్డులు రాస్తున్నారు.