మగ్గాల కొట్టంలో రక్తపిశాచి

ఆ రోజుల్లో మాకు పుస్తకమంటే కళ్లతో చదివేది కాదు, చెవులతో వినేది. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేస్తున్న కాలం. రామన్నపేటలో మా బాపుకు నాలుగు గుంట మగ్గాలున్న కొట్టం ఉండేది. నేసేవాళ్లకు చేతులు, కాళ్లు, కళ్లు అన్నీ పనిలోనే ఉంటాయి, ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. ఆ చెవులకు మేత వేసే పని నాది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయి ఇంట్లో కూర్చున్న పదిహేనేళ్ల పిల్లను. కొట్టం మధ్యలో పీట వేసుకుని, మగ్గాల చప్పుడును మించి వినబడేట్టు గొంతు చించుకుని చదవాలి. బాపుకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, మిగతావాళ్లకు అదీ రాదు. కాబట్టి ఆ పీట మీద ఉన్నంతసేపు నేను కలెక్టరుతో సమానం (అని నేను అనుకునేదాన్ని. "గొంతున్నది, పనికొచ్చింది" అనేది మా అవ్వ). చదవని రోజు రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టాల్సిందే. దానికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మా ఇంట్లోకి పుస్తకం రావడానికి ఆ పీట తప్ప వేరే దారి లేదు. ఆడపిల్ల ముచ్చట కోసం పుస్తకాలు కొనే ఇల్లు కాదు మాది, కొట్టం కోసమైతే మాత్రం బాపు కాదనేవాడు కాదు.

అట్లాంటి నా రాజ్యంలోకి ఒక వారపత్రిక సీరియల్‌లోంచి రక్తపిశాచి దిగాడు. పాడుబడిన గడీలో ఉంటాడు. వయసు మూడు వందల ఏళ్లు, చూడ్డానికి మాత్రం ఇరవై. పగలు బయటికి రాడు. ఊరి గొడ్ల నెత్తురు తాగుతాడు గాని, మనసిచ్చిన పంతులమ్మ మెడ జోలికి పోడు. వారం వారం ఆమె కిటికీ కింద నిలబడి నిట్టూరుస్తాడు. అంతే, అయిపోయింది కథ. పోయిన వారం నిట్టూర్చాడు, ఈ వారం నిట్టూర్చాడు, వచ్చే వారం ఏం చేస్తాడో మా ఇంటి బర్రెకు కూడా తెలుసు. నాకు ఒళ్లు మండిపోయేది. మూడు వందల ఏళ్లు బతికినవాడికి ఒక్క చేతిపని రాదా? ఈ మనిషిని కట్టుకుని ఆ పంతులమ్మ ఏం బాగుపడాలని? కానీ చెబితే వినేదెవరు? మా చిన్నమ్మ, అంటే బాపు తమ్ముడి భార్య, వాడి పేరెత్తితే చాలు కొంగుతో ముక్కు తుడుచుకునేది. అవ్వకైతే వాడు ఆకలి మీద ఉన్నాడని ఒకటే బాధ.

నా దగ్గర అంతకన్నా వంద రెట్లు మంచి సరుకు ఉండేది. కొట్టం పేరు చెప్పి బాపుతో కొనిపించుకున్న జానపద నవల. అందులో నడిచే కొండ ఒకటి, ఆ కొండ భుజం మీద ఒక ఊరు, గాలిని సంచుల్లో మూటగట్టి అమ్ముకునే ముసలమ్మ, కొండకు దారి చూపించే గొర్రెల కాపరి పిల్ల. చదువుతుంటే అన్నం తినబుద్ధి కాదు. వినండి, విన్నాక మాట్లాడండి అని బతిమాలి మొదలుపెట్టాను. మర్యాదకు రెండు రోజులు విన్నారు. మూడో రోజు మా చిన్నబాపు (ఈయనే చిన్నమ్మ భర్త, కొట్టంలో అందరికన్నా జోరుగా నేసేవాడు) అటూ ఇటూ పోగు మోసే నాడె ఆపి, "కొండ నడిస్తే నడిచింది గని బిడ్డా, గా పిలగాడు కిటికి కాడికి వచ్చిండా లేదా?" అన్నాడు. నా నవల అటకెక్కింది.

ఇట్లా ఉండగా చీరెలు కొనే సావుకారు ఒకనాడు మా చీరెను ఎండకు అడ్డంగా పట్టుకుని చూశాడు. జానెడు మేర దట్టంగా ఉంది, తర్వాత జానెడు దోమతెర లాగా పలచగా ఉంది, మళ్లీ దట్టం, మళ్లీ పలచన. ఇంకో చీరె తీశాడు, అదీ అంతే. ముప్ఫై ఏళ్లుగా మా ఇంటి నేతకు వంక పెట్టనివాడు ఆ రోజు కట్టంతా తిరిగిచ్చి పోయాడు. బాపు కొట్టంలో కూర్చుని, ఏ జానెడు నేసేటప్పుడు నేను ఏ ముక్క చదివానో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పిశాచి కోరలు చూపించినప్పుడు పోగును దగ్గరికి కొట్టే పలక దెబ్బ గట్టిగా పడుతోందని, నిట్టూర్చినప్పుడు చేతులు జారిపోతున్నాయని ఆయనకు అర్థమైపోయింది. రేపటి నుంచి కొట్టంలో చదువు బంద్ అన్నాడు.

నాకు కళ్లముందు రాట్నం ఒక్కటే కనబడింది, చచ్చేదాకా రాట్నం. ఏడుపు మింగుకుని, "తప్పు చదువుది కాదు బాపు, గా కతది. ఒక్క చీరెకు నా పుస్తకం చదవనియ్యి, సూడు" అన్నాను. పిశాచి మీద నాకున్న కసి అంతా ఆ మాటలో ఉంది. బాపు ఏమనుకున్నాడో, ఒక్క చీరెకు సరేనన్నాడు.

చిన్నబాపు మగ్గం దగ్గర పీట వేసుకుని చదివాను. అబ్బో, ఏం చదివాను! కొండ లేచింది, ఊరు ఊగింది, కాపరి పిల్ల పరుగెత్తింది, నేనూ పరుగెత్తాను. చీరె మగ్గం దిగాక చూస్తే పలచన అన్నది మచ్చుకైనా లేదు. ఉన్నదంతా దట్టమే. మడత పెడితే మడత పడదు. నిలబెడితే గోడకు ఆనుకుని తనంతట తానే నిలబడింది. ఇది కట్టుకున్న ఆడది కూర్చోవడం ఎట్లా అని చిన్నమ్మ అడిగింది.

అప్పుడు అవ్వ, కండెలు చుడుతున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది. "కత మీద ఏం లేదు కొడుకా. గీ పిల్ల గొంతు ఎట్ల పోతే మీ చేతులు గట్ల పోతున్నయి. కొండ నడిస్తే దీని గొంతు ఉరుకుతది. గా పిలగాడు కిటికి కాడికి రాంగనే వెన్నపూసయితది."

కొట్టమంతా నన్నే చూసింది. నేనా? వాడికోసమా? వాడంటే నాకు అసహ్యమని ఊరంతా చాటింపు వేసినదాన్ని. నా చెవులు కాలిపోయాయి. చిన్నబాపు నవ్వి నవ్వి కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి జారిపోయాడు.

బాపు కూడా నవ్వాడు, ఆ నవ్వే నన్ను రాట్నం నుంచి కాపాడింది. మగ్గం ఆడుతుంటే చదువు లేదన్నాడు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయాక కొత్త పడుగు పోగులు పాతవాటికి ఒక్కొక్కటిగా అతికే రోజులుంటాయి కదా, అప్పుడు దెబ్బ వేసే పని ఉండదు, అప్పుడు చదువుకొమ్మన్నాడు. దాంతో పిశాచి కబురు తెలియాలంటే పడుగు అయిపోవాలి. ఇంకేముంది, మధ్యాహ్నం కునుకు మానేసి మరీ నేశారు. సావుకారు కూడా మళ్లీ మా గడప తొక్కాడు. వచ్చిన పత్రికలు అతికే రోజు దాకా అటక మీద ఉండేవి. నేను ముందుగా ఒకసారి చూసుకునేదాన్ని (చదివి వినిపించేవాళ్లకు అది ధర్మం. దానికి అటకెక్కి దాక్కోవాలా అంటే, అది వేరే సంగతి).

అట్లా అటక మీదనే చివరి భాగం చదివాను. ఇక తన ఆకలి తన మాట వినదని తెలుసుకున్న పిశాచి, పంతులమ్మ కిటికీ కిందే తెల్లారేదాకా నిలబడ్డాడు. పొద్దు మీద పడి బూడిదైపోయాడు. నేను ఏడ్చాను. మూడు వందల ఏళ్ల దద్దమ్మ, పొద్దు పొడిచే ముందు ఇంట్లోకి పోవాలని తెలియదా అని తిట్టుకుంటూ మరీ ఏడ్చాను.

మర్నాడు అందరూ పడుగు చుట్టూ కూర్చున్నారు. చేతులు పోగులు మెలిపెడుతున్నాయి. పొద్దు పొడిచే చోటికి వచ్చాను. చిన్నమ్మ పోగు పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. నాకు నోరు రాలేదు. కాగితం మీద ఉన్నది కాకుండా, పంతులమ్మ కిటికీ తెరిచి, బొంత విసిరి అతని మీద కప్పి లోపలికి లాగిందని చదివాను. మొదలుపెట్టాక ఆగుతానా? అతను నెత్తురు మానేశాడు, పెళ్లి చేసుకున్నాడు, ఎట్లాగూ రాత్రంతా మేలుకునే మనిషి కదా అని తాలూకా కచ్చేరీలో రాత్రి కావలి నౌకరీ కూడా ఇప్పించాను. అవ్వ తృప్తిగా వక్క నోట్లో వేసుకుంది.

నెల తిరక్కుండానే నందికొండ కట్ట పనిలో ఉన్న చిన్నమ్మ తమ్ముడు వచ్చాడు. అతనికి చదువొచ్చు. అన్నం దగ్గర కూర్చుని, పాపం ఆ పిశాచి బూడిదైపోయాడని బాధపడ్డాడు. చిన్నమ్మ వడ్డించే చెయ్యి ఆగింది. అందరూ నా వైపు తిరిగారు. బాపు లేచి, అటక మీది పత్రిక దించి, చివరి పేజీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూడబలుక్కున్నాడు. ఆయన పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"మీ నందికొండల సచ్చిండేమో బామ్మర్దీ. మా కాడ బతికిండు" అన్నాడు.

ఈ వయసులోనూ ఎవరైనా అడిగితే నా సలహా అదే. నిట్టూర్పుల పిశాచులను పక్కన పెట్టండి, నడిచే కొండల కథలు చదవండి అనే చెబుతాను. కానీ ముక్కు మీద అంత కోపం పెట్టుకుని, నచ్చనివాడికి నౌకరీ వెతికిపెట్టిన ఆ పదిహేనేళ్ల పిల్ల గుర్తుకొస్తే నాకు నవ్వాగదు. నవ్వుతూ నవ్వుతూనే దాన్ని దగ్గరికి తీసుకోవాలని కూడా అనిపిస్తుంది.