తాత చెప్పులు దిగిన హోటలు

నా చిన్నప్పుడు హోటళ్లకు నక్షత్రాలు ఉండేవి కావు, నల్లులు ఉండేవి. అవి ఎక్కడ తక్కువుంటే అదే మంచి హోటలు. ఈ మాట అంటే మా పిల్లలు నవ్వుతారు. గదిలో టీవీ లేకపోతే వాళ్లకది గదే కాదు. నేను మాత్రం వాదన మానను. గోడకు కొట్టిన రంగును చూసి హోటలుకు మార్కులు వేసేవాళ్లు మనిషి చొక్కాను చూసి పిల్లనిచ్చేవాళ్ల లాంటివాళ్లు. నాకు ఈ సంగతి నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు మా అవ్వ. రెండోవాడు హిందూపురంలో ఒక హోటలాయన. ఆయన పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అవ్వంటే మా నాయన తల్లి. ఆమడగూరు దాటి లోపలికి పోతే మా ఊరు. తాత చనిపోయిన ఏడాదే దాయాదులు బావి కింది చేను తమదని కేసు వేశారు. అప్పటి నుంచి అవ్వ వాయిదా వాయిదాకూ పెనుకొండకు తిరిగింది. కూతుళ్ల పెళ్లి చీరల కోసం ధర్మవరం పోయింది. బెల్లం అమ్ముకోవడానికి హిందూపురం పోయింది. మా నాయనకు ఊళ్లు తిరగడమంటే ఒళ్లు బరువు, తిరిగినదంతా ఆమే. అక్షరం ముక్క రాదు గానీ, ఈ మూడు ఊళ్లలో చవకగా ఎక్కడ దిగాలో ఆమెను అడిగి తెలుసుకోవలసిందే. పెనుకొండలో ఆమె దిగే మిద్దె గదిలో మంచం మంచిది, నీళ్లు ఉప్పన. ధర్మవరంలో స్టేషన్ ఎదుటి హోటల్లో రైలు వచ్చినప్పుడల్లా మంచం కదిలేది. చట్నీ రుచిగా ఉంటుందని ఆ మంచాన్ని క్షమించేది.

ఎక్కడికి పోయినా ముందు వాకిట్లో నిలబడేది కాదు. నేరుగా పెరట్లోకి పోయి లోటాలు కడిగే తొట్టిలోకి తొంగి చూసేది. నీళ్లు నల్లగా ఉంటే అటునుంచి అటే వచ్చేసేది. తొట్టి పాసైతే గదిలోకి పోయి, మంచాన్ని ఒక పక్కకు ఎత్తి నేలకేసి నాలుగు దెబ్బలు కొట్టేది. రాలినవాటిని బట్టి ఉండాలా వద్దా అని తేల్చేది. ఇంత తనిఖీ నేను చదివిన కాలేజీలో కూడా ఎవరూ చేయలేదు.

నాకు పదమూడో ఏడు. ఎనిమిదో తరగతి పరీక్షకు సెంటరు హిందూపురంలో పడింది. మూడు రోజుల పరీక్ష. పాసైతే హాస్టల్లో ఉండి పైచదువు చదవవచ్చు. తప్పితే నా చదువు అంతటితో సరి. మా నాయన నన్ను తీసుకుపోనన్నాడు. ఆడపిల్ల ఎనిమిది చదివింది చాలదా, దానికి మళ్లీ పరీక్ష కూడానా అన్నాడు. అవ్వ కొడుకుతో ఒక్క మాట వాదించలేదు. మర్నాడు సంచి సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

హిందూపురంలో ఆమె నన్ను తీసుకుపోయిన హోటలు బెల్లం మండీలకు దగ్గర. కింద కాఫీ హోటలు, మిద్దె మీద ఆరు గదులు. హోటలాయన కన్నడం వైపు మనిషి, నుదుట విభూతి, మూతి మీద నవ్వన్నది లేదు. తోలు వస్తువంటే వంటింటి ఛాయలకు రానివ్వడు. ఆయన తల మీద గోడకు ఒక బోర్డు. మగవారి తోడు లేని స్త్రీలకు గదులు ఇవ్వబడవని. చదివి అవ్వ కొంగు పట్టుకుని లాగాను.

"జతలో మగవాళ్లు ఎవరమ్మా?" అన్నాడాయన, అవ్వ ముఖం చూడకుండా.

"మావోడు వెనకాల వస్తాండాడప్పా," అంది అవ్వ.

ఆయన తాళంచెవి తీసి ఇచ్చాడు. నేను మెట్లెక్కుతూనే పట్టుకున్నాను. నాయన యాడ నుంచి వస్తాడవ్వా, రానన్నాడు కదా, అబద్ధం చెప్పినావు కదా అని. "వస్తాండాడంటి. ఎప్పుడని అన్నానా?" అంది. గదిలోకి పోయాక సంచి అడుగు నుంచి గుడ్డలో చుట్టిన మూట తీసింది. అందులో తాత తోలు కిర్రుచెప్పులు. ఎడమదాని మడమ అరిగి ఉంది. తాత వస్తువుల్లో ఆమె దాచుకున్నవి అవే. వాటిని గుమ్మం బయట పక్కపక్కన పెట్టి, లోపలికి వచ్చి మంచాన్ని దబదబా కొట్టింది. "ఇంక మనకు మగదిక్కు ఉండాది. సుమ్మనే కూసోని చదువుకో."

మొదటి రోజు పొద్దున గదికి తాళం వేసి, ఇద్దరం కింద ఇడ్లీ తిని, పరీక్షకు పోయాం. నేను రాసినంతసేపూ అవ్వ బడి గోడ నీడన కూర్చుంది. తిరిగి వచ్చినప్పుడు నేను ముందుగా మెట్లెక్కాను. గుమ్మంలో చెప్పులు లేవు. అవ్వకు చెప్పకుండా పక్కకు జరిగాను. ఆమె మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఎక్కి వచ్చి, తాళం తీసి లోపలికి పోయింది. అటు చూసిందో లేదో నాకు తెలియదు. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నానన్నమాటే గానీ, తాత చెప్పులను ఎవరో ఎత్తుకుపోయారు, మన అబద్ధం బయటపడింది, ఇప్పుడో ఇంకాసేపటికో గది ఖాళీ చేయమంటారు అనే తప్ప వేరే ఆలోచన లేదు.

పొద్దుగూకే వేళ నీళ్లకని తలుపు తీస్తే చెప్పులు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా, నిండా ఎర్ర దుమ్ముతో, అప్పుడే ఎవరో బజారు తిరిగి వచ్చి విడిచినట్టు. రెండో రోజూ అదే వరస. పొద్దున పోతాయి, సాయంత్రం దుమ్ముతో వస్తాయి. తాతే వచ్చి తొడుక్కుని పోతున్నాడేమో అని ఆ రెండో రోజు నేను నిజంగానే అనుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి. పదమూడేళ్ల పిల్లకు లెక్కల పరీక్ష ముందు ఏ దేవుడైనా, ఏ తాతైనా ఒకటే.

మూడో రోజు లెక్కలు. మేము కింద ఇడ్లీ తింటున్నాం. హోటలాయన రోజూలాగే ఊదుబత్తి పట్టుకుని మిద్దె మీద గదుల వైపు పోయి, భుజాన మడిచిన తువ్వాలుతో దిగి వచ్చాడు. అంతలో మా పక్క గదిలో దిగిన చింతపండు వ్యాపారి ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"స్వామీ, ఆ మూల గదిలో ముసలామె, పిల్ల తప్ప మగమనిషి జాడ లేదే. పోలీసోళ్లు వస్తే అందరి గదులూ వెతుకుతారు. ఆ బోర్డు ఊరికే పెట్టినావా?"

నా చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉండిపోయింది. ఆ పూట గది పోతే పరీక్షా పోతుందని కాదు. ఇంతమందిలో అవ్వను అబద్ధాలకోరు అంటారే అని.

హోటలాయన తువ్వాలు తీసి గల్లా కింద పెట్టి నింపాదిగా కూర్చున్నాడు. "మగమనిషి లేకేమప్పా. ఆయప్ప ఐదు గంటలకే కాఫీ తాగి మండీకి పాయె. నేనే కలిపి ఇస్తిని. నీకు అనుమానముంటే పోయి చూడు, గుమ్మంలో చెప్పులు ఉంటాయేమో. మనిషి లోపలుంటే కదా చెప్పులుండేది."

వ్యాపారి నిజంగానే మెట్లెక్కాడు. అయిపోయిందనుకున్నాను. పది నిమిషాల కిందట ఆ చెప్పులను నేను దాటుకునే దిగాను. ఆయన దిగి వచ్చి, "లేవు లే," అని గొణిగి, కాఫీ చెప్పి కూర్చున్నాడు. అవ్వ తల ఎత్తకుండా చట్నీ అద్దుకుని తింటోంది.

చెయ్యి కడుక్కుని వస్తూ నేను గల్లా కింద చూశాను. మడిచిన తువ్వాలు కాస్త విడిపోయి, ఎడమ మడమ అరిగిన చెప్పు కనిపించింది. ఆయన పీట పక్కనే, ఊదుబత్తి వెలిగించిన దేవుడి పటానికి రెండు జానల దూరంలో. నేను చూశానని ఆయన చూశాడు. మొఖం మారలేదు. గొంతు మాత్రం తగ్గించాడు.

"లోపల మనిషిని పెట్టి బయట తాళం వేస్తారా పాపా ఎవరన్నా? మీ అవ్వకు తెలివి ఉండాది, సగం. పో, పరీక్ష బాగా రాయి."

బాగానే రాశాను. గది ఖాళీ చేయడానికి వచ్చేసరికి చెప్పులు దుమ్ముతో గుమ్మంలోనే ఉన్నాయి, అవ్వ వాటిని మూటలో కట్టుకుంది. మధ్యాహ్నం బస్సులో అవ్వకు అంతా చెప్పాను, నేనేదో కనిపెట్టినట్టు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు తెలుసు లేవే," అంది. "మొదటిసారి వచ్చినప్పుడు పోయినాయని కూసోని ఏడిస్తి. మాపటికి దుమ్ము కొట్టుకోని వచ్చినాయి. ఆయప్ప చెప్పలే, నేను అడగలే. పెనుకొండలో మంచం మంచిది, ధర్మవరంలో చట్నీ మంచిది. ఈడ మనిషి మంచోడు."

అంత మంచోడైతే ఆ బోర్డు పీకేయొచ్చు కదా అన్నాను నేను. "బోర్డు ఊరికి పెట్టినాడు, గది మనకిచ్చినాడు. అన్నిటికీ వాదించొద్దు," అంది అవ్వ. ఆ మాటతో నేను ఈనాటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. బోర్డు పీకి ఉండాల్సింది. కానీ తోలు ముట్టని మనిషి, ఎవరో ముసలమ్మ మాట నిలబెట్టడానికి మూడు రోజులు చచ్చినవాడి చెప్పులను దేవుడి పటం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పెద్దయ్యాక ఇట్లాంటి బోర్డులు పీకించాలని అరిచిన నేను ఒక్క బోర్డూ పీకించలేకపోయాను, అదీ ఒప్పుకోవాలి.

పోయిన ఏడాది మా చెల్లెలి కూతురి పెళ్లి చీరలకు ధర్మవరం పోయి, ఒక చిన్న లాడ్జిలో రెండు రోజులు దిగాను. తొట్టి చూశాను, మంచాన్ని కొట్టాను. ఎదుటి గదిలో ఒంటరిగా ఒక అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరడానికి వచ్చిందట. పొద్దున ఆమె తాళం వేసుకుని పోయింది. గుమ్మంలో మగవాళ్ల చెప్పులు, సరికొత్తవి, పక్కపక్కన ముద్దుగా. వంగి చూస్తే అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు.

చీటీని గోటితో గీకి తీసేసి, చెప్పులను నా గదిలో పెట్టుకున్నాను. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చే వేళకు మెట్ల దగ్గరి మట్టి కాస్త రాసి, మళ్లీ ఆమె గుమ్మంలోనే వదిలాను. ఒకదాని మీద ఒకటి, అడ్డదిడ్డంగా.