కోటా లేని కాలేజీ

2008 ఆగస్టులో నన్ను మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఒక ప్రభుత్వ హైస్కూలుకు కౌన్సెలర్‌గా వేశారు. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పిల్లల్ని మాకు పంచేవారు. వాళ్ళు ఏ సబ్జెక్టులు తీసుకోవాలో చూడటం, కాలేజీలకు సిఫారసులు రాయడం, మార్కుల పత్రాలు పంపడం మా పని. తల్లిదండ్రులకు నచ్చజెప్పడం అందులో లేదు గాని, సగం పొద్దు దానికే పోయేది.

మరుసటి ఏడు పన్నెండో తరగతి చదివే శ్రావ్య నా వాటాకు వచ్చింది. తెలుగమ్మాయి. స్కూల్లో ఆంటీ అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

"ఆంటీ, నాకు ఈ కాలేజీనే కావాలి. డాడీ అప్లై చెయ్యొద్దు అంటున్నాడు. మీరు టాక్ చేస్తారా?" అంది సెప్టెంబరులో ఒకరోజు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారి కోసం ఏనాడో పెట్టిన కాలేజీ అది. వేసవి శిబిరానికి వెళితే అక్కడి బయాలజీ ప్రొఫెసర్ ఈ పిల్లను తన ల్యాబులో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పించాడట. "అక్కడ నన్ను ఎవరితోనూ కంపేర్ చెయ్యలేదు" అంది. ట్రాయ్‌లో పెరిగిన తెలుగు పిల్ల ఆ మాట ఎందుకంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తండ్రి కార్ల కంపెనీలో ఇంజనీరు. పిలిస్తే భార్యతో కలిసి వచ్చాడు. "మేడమ్, మేం ఓసీలం. వాళ్ళ కోటాలో మా పాపకి సీటెలా ఇస్తారు? ఇచ్చినా రేపు ఆ డిగ్రీని జాబ్ మార్కెట్‌లో ఎవడు చూస్తాడు?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉన్నా ఆయన బుర్రలో ఇంకా ఎంసెట్ కౌన్సెలింగే నడుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఉద్యోగ మర్యాద ఒకటుంటుంది కదా.

అవి కోటా సీట్లు కావని, మిగతా కాలేజీలు నల్లవాళ్ళను గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్ళ చదువు కోసం వెలసిన కాలేజీలని, ఏ జాతివారైనా చేరవచ్చని ఓపిగ్గా చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు. విని, "అదంతా ఓకే మేడమ్, ర్యాంక్ ఎంత?" అన్నాడు. పక్కనే కూర్చున్న శ్రావ్య తల దించుకుంది.

అప్పుడు తల్లి భర్తవైపు తిరిగింది. "ఏమండీ, శ్రావ్య డెలివరీ చేసిన డాక్టర్ గుర్తుందా?"

"ఆవిడ్నెలా మర్చిపోతాను?" అన్నాడాయన. కాన్పు కష్టమై ఆశ వదులుకున్న సమయంలో తల్లీబిడ్డల్ని బతికించిన నల్లజాతి డాక్టరట ఆవిడ.

"ఆవిడ చదివింది ఇలాంటి కాలేజీలోనే. చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా గోడమీద ఆ డిగ్రీనే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజు మీరు ఆవిడ ర్యాంక్ అడిగారా?"

ఆయన కుర్చీ కూతురి వైపు తిప్పుకున్నాడు. "డెడ్‌లైన్ ఎప్పుడమ్మా?" అని అడిగాడు. శ్రావ్యకు అక్కడే సీటు వచ్చింది. దింపి రావడానికి ఆయనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాడు.

రిటైరయ్యాక ఇప్పుడు స్కూల్లో నా ఇరుకు ఆఫీసు గది, మోకాళ్ళు తగిలేలా వేసిన ఆ కుర్చీలు గుర్తొస్తే, మళ్ళీ వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది. ఆ తర్వాత నా సర్వీసులో ఏ తల్లిదండ్రులకూ ముందుగా కాలేజీ చరిత్ర చెప్పలేదు. అలాంటి చోట చదివినవాళ్ళు మీకెవరైనా తెలుసా అని అడిగేదాన్ని. వాకబు చేస్తే చాలామందికి ఎవరో ఒకరు తెలిసే ఉండేవారు. ఎక్కడ చదివారో మాత్రం ఎన్నడూ అడిగి ఉండేవారు కాదు.