రబ్బరు పడని ఇంట్లో మా వదినగారు

మా వదినగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగారట. అంతే. ముందురోజు నుంచి గుండెల్లో పట్టేసినట్టుందని పనిమనిషితో అన్నారట. నాతో అనలేదు. పక్కిల్లేనండి మాది, మధ్యలో పిట్టగోడే. రాజమండ్రి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, ఊళ్ళో ఎవరికి ఆయాసమొచ్చినా ముందుగా కనిపెట్టే మనిషి, తనది మాత్రం గ్యాసు అనుకున్నారు. నాకు చెబితే నన్ను కూడా చూసుకోవాల్సి వస్తుందని ఊరుకుని ఉంటారు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

ఆవిడ మా ఆయనకి అక్కగారు. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని, రాసేది ముందూ వెనకా అవుతుంది, సర్దుకోండి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ బెంగే. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే కాలవలో పడిపోయిందనుకుంటాను. ఆవిడ అనేవారు: "భయపడితే భయపడవే, చేతులు ఖాళీగా పెట్టుకుని మాత్రం భయపడకు. బియ్యమైనా ఏరు."

మా కోడలు కాపరానికొచ్చిన కొత్తలో మా అమ్మాయి కొడుకు పుట్టినరోజొచ్చింది. కోడలు కూర్చుని బెలూన్లు ఊదింది. నాలుగోది ఊదేసరికి పెదాలు గారెల్లా వాచాయి, కళ్ళు మూసుకుపోయాయి. నేను దిష్టన్నాను, ఎండుమిరపకాయలు తెచ్చాను. వదినగారు వచ్చి చూసి, "అవి తర్వాత కాల్చుకుందువుగానీ, ముందు ఆటో పిలు" అన్నారు. ఇంజెక్షను చేయించి తీసుకొచ్చాక చెప్పారు, పిల్లకి రబ్బరు పడదని. చెట్టుపాలతో చేసే రబ్బరు తగిలితే కొంతమందికి అలాగే అవుతుందట. ఆసుపత్రి గ్లవ్స్ వేసుకుని తన చేతులూ ఏళ్ళ తరబడి దద్దుర్లెక్కాయట, సబ్బు వల్ల అనుకుని గడిపేశారట.

ఇక చూస్కోండి, మా ఇంటి మీద దండయాత్ర! హవాయి చెప్పులు పోయి తోలు చెప్పులొచ్చాయి. కోడలి బట్టల్లో ఎలాస్టిక్కు ఊడదీసి తనే నాడాలు ఎక్కించారు. నడుం కాపుకి వేడినీళ్ళ సంచి బదులు గాజు సీసాకి తువ్వాలు చుట్టిచ్చారు. ఎక్కడ ఏది కనిపించినా సాగుతుందేమోనని లాగి చూడటం అలవాటైపోయింది ఆవిడకి. ఒక పెళ్ళిలో వియ్యపురాలి జాకెట్టు చెయ్యి లాగి చూశారు, నేను సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి నేను పచ్చడి జాడీలకి గుడ్డ బిగించుకునే రబ్బరుబ్యాండ్ల డబ్బా కూడా తీసుకెళ్ళి పారేశారు.

"వదినగారూ, అవి నావండి, కోడలివి కావు!"

"పచ్చడి వడ్డించేదెవరే? నువ్వా?"

ఆ రోజు నుంచి జాడీలకి నూలుతాడు కట్టుకున్నాను.

కోడలికి ఏడో నెలలో శ్రీమంతం పెట్టుకున్నాం. రావులపాలెం మార్కెట్టుకి అరటిగెలలు వేసే ఇల్లు మాది. వదినగారు ముందే చెప్పారు, రబ్బరు పడనివాళ్ళలో కొందరికి అరటిపండూ పడదు, చిన్నప్పుడు పండు తింటే దీనికి నోరు దురదెట్టేదట, పెట్టకండి అని. నాకు నవ్వొచ్చింది. అరటిపండు పడకపోవడమేంటండి! పసిపిల్లలకి నలిపి పెడతాం కదా! మా తోట పండుని అంటే మమ్మల్ని అన్నట్టే అనిపించింది. పేరంటాళ్ళందరి ముందూ చక్రకేళి నా చేత్తో ఒలిచి, "సగం తిను తల్లీ, శుభం" అన్నాను. పిల్ల మొహమాటానికి తినేసింది. తాంబూలాలు ఇస్తూండగానే గొంతు పట్టేసింది. నిండా గాజులున్న చేతులతో నన్ను పట్టుకుని ఊపిరి కోసం లాగుతోంది. వదినగారు సంచిలో పెట్టుకు తిరిగే ఇంజెక్షను తీసి తొడలో పొడిచారు. కారులో ఆసుపత్రికి పరిగెత్తాం. ప్రాణం దక్కింది.

ఆ రోజు ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుణ్ణు. "నీ భయాలన్నీ తీసుకెళ్ళి బస్సుల మీద పెట్టావే" అన్నారు, అంతే.

తొమ్మిదో నెలలో డాక్టరుగారు ఆపరేషను తప్పదన్నారు. ఆపరేషనంటే కోసిన కడుపులో రబ్బరు గ్లవ్స్ చేతులు. నాకు అన్నం సయించడం మానేసింది. వదినగారు రాజమండ్రి మందుల షాపులన్నీ తిరిగారు. ఒకతను, "రబ్బరు కాని గ్లవ్స్ ఏంటండీ, చెక్కవి కావాలా?" అన్నాడట. ఆవిడ అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని, విశాఖపట్నంలో తనకి తెలిసిన డాక్టరమ్మగారికి అతని ఫోన్లోంచే ఫోను చేశారు. వారం తర్వాత బస్సులో పార్సిలొచ్చింది, రబ్బరు లేని గ్లవ్స్, సీలు తియ్యని ప్యాకెట్లు.

అంతటితో అయిందా? ఆపరేషను గది పొద్దున్నే కడిగాక మొదటి కేసు మాదే అవ్వాలన్నారు. ముందు కేసుల గ్లవ్స్ పౌడరు గాల్లో తిరుగుతుందట. డాక్టరుగారు విసుక్కున్నారు. "ఇన్ని రూల్సయితే కష్టమమ్మా."

"కష్టమేనండి. అందుకే నేనూ లోపలికి వస్తాను" అన్నారీవిడ.

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ వేళ కూడా ఆవిడ మీద విసుగే. పెద్దావిడ, లోపల కళ్ళు తిరిగి పడితే ఎవరు చూస్తారు అని. ఇన్నేళ్ళలో ఆవిడకి ఓ మంచిమాట చెప్పానో లేదో గుర్తు రావట్లేదు. నా బెంగలన్నిటికీ పని చూపించిన మనిషి ఆవిడొక్కరే.

గంటన్నరకి తలుపు తెరుచుకుంది. ఆవిడ టోపీ జారి ఓ చెవి మీద పడింది.

"వాపు లేదు, దద్దు లేదు. ఊపిరి బాగా తీసుకుంటోంది. రెండు జతలు మిగిలాయి."

"బిడ్డండీ?"

"ఏడుపు విన్నాను. గట్టిగానే ఉంది."

"ఆడా, మగా, వదినగారూ?"

ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి మూసిన తలుపుని చూశారు, మళ్ళీ నన్ను చూశారు.

"చూళ్ళేదే. నీ కోడలి పెదాలే చూస్తూ నిలబడిపోయాను."